ప్లాస్టర్ లేని పాలగిన్నె

మా జిల్లా దవాఖానలో నెలలు నిండని పిల్లల వార్డు ఒకటుంది. అందులో నేను అటెండర్ని. లోపల వెచ్చటి మంచాల మీద పిల్లలుంటారు, బయట వరండా అవతలి గదిలో తల్లులుంటారు. రెండు గంటలకోసారి తల్లులు చిన్న స్టీలు గిన్నెల్లో పాలు పిండి మూతపెట్టి ఇస్తారు. ఆ గిన్నెల్ని ట్రేలో పెట్టుకుని అద్దాల తలుపు దాకా తీసుకుపోవడం, నర్సులు ఉగ్గుగిన్నెతో పిల్లలకు తాగించాక ఖాళీ గిన్నెల్ని కడిగి, మరగబెట్టి, మళ్ళీ తల్లులకు అందించడం నా పని. ఎవరి గిన్నె ఎవరిదో తెలియాలి కాబట్టి ప్రతి గిన్నెకూ తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి మంచం నంబరు రాస్తాం. మంచం ఖాళీ అయితే ఆ ప్లాస్టర్ పీకేస్తాను. బిడ్డ ఇంటికి పోయినా అంతే, పోకపోయినా అంతే.

నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. మిగిలిందంతా తొర్రూరు గ్రంథాలయంలో చదువుకున్నాను. డ్యూటీ దిగి బస్సు దిగగానే ఇంటికంటే ముందు అక్కడికే పోతాను. ఈ వార్డులో పని దొరికాక పసిపిల్లల గురించి, దుఃఖం గురించి అక్కడున్న పుస్తకాలన్నీ చదివి, పనికొచ్చే సంగతులు ఒక పొడుగు నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. నర్సులు నన్ను "లైబ్రరీ సారూ" అని ఆటపట్టించేవాళ్ళు. నాకు అది బాగానే ఉండేది.

ఆ నర్సుల్లో కొడకండ్ల నుంచి వచ్చే అక్క పెద్దది. తొర్రూరు నుంచి మా ఇద్దరిదీ ఒకటే బస్సు. పోయిన ఎండాకాలం ఏడో నెలలోనే పుట్టిన ఒక ఆడపిల్ల ఎనిమిది రోజులు ఆమె చేతుల్లోనే ఉంది. తల్లి తండా నుంచి వచ్చిన చిన్న వయసు పిల్ల, తొలికాన్పు. డాక్టరు ఏం చెప్పినా అక్క మొహం చూస్తే గానీ నమ్మేది కాదు. "సిస్టరమ్మా, నువ్వు చెప్పు, ఎట్లున్నది" అనేది. అక్క కూడా ఎప్పుడూ దాచకుండా చెప్పేది.

ఎనిమిదో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు ఆ బిడ్డ పోయింది. డాక్టరు వరండాలో ఉన్న ఆ తల్లి అత్తకు చెప్పాడు. ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు వదిలి, అక్క రెండు చేతులూ పట్టుకుంది.

"బాలింతకు చెప్పకు బిడ్డా. మా దిక్కు మొగడు పక్కన లేంది చెప్పరు. నా కొడుకు భూపాలపల్లి కాడ బొగ్గు లారీ మీదున్నడు, పొద్దుగూకేదాక గాని రాడు."

అక్క తలూపింది. పది గంటలకు గదిలోంచి పాలగిన్నెలు వచ్చాయి. అందులో ఆ తల్లి గిన్నె కూడా ఉంది, ఎప్పటికంటే ఎక్కువ పాలతో. అక్క దాన్ని అందుకుని చాలాసేపు పట్టుకుని నిలబడింది. చివరికి సింకులో పోసింది. నీళ్ళు వదిలి, పాలు పోయిన చోటే చూస్తూ ఉంది.

"నాలుగుసార్లు పంపుతది ఇంక, పొద్దుగూకేలోపల" అంది. "నాలుగుసార్లు నేను తీసుకోవాల్నా?"

నాకు నోటుబుక్కు గుర్తొచ్చింది. దాచడం మంచిది కాదనీ, తల్లి పక్కన కూర్చుని తిరుగుడు మాటలు లేకుండా చెప్పాలనీ, బిడ్డను ఆమె చేతికివ్వాలనీ చదివింది చదివినట్టు చెప్పాను.

"నీ బుక్కుల ఆ అవ్వ ఉన్నదా తమ్మీ?" అంది అక్క.

"లేదక్కా."

"మరి?"

అన్నది గానీ, కాసేపటికి తనే అత్త దగ్గరికి పోయి నేల మీద కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో పూర్తిగా వినలేదు. చివర్లో అవ్వ "నువ్వైతే చెప్పు. ఇంకెవ్వలు చెప్పొద్దు" అనడం మాత్రం విన్నాను. అక్క లోపలికి వచ్చి గోరువెచ్చటి నీళ్ళు అడిగింది. బిడ్డను తుడిచి, ముక్కు గొట్టం గుర్తు పోయేలా చెంప రుద్ది, కొత్త టోపీ పెట్టింది.

"నేనే తీస్కపోత. నా నోటితోనే వినాలె ఆ పిల్ల" అంది.

నా చదువు ఒక మనిషికి అక్కరకొచ్చిందన్న సంతోషం నాలో ఉందని ఒప్పుకోవాలి. ఆ సంతోషంతోనే గిన్నెలు కడిగాను, మరగబెట్టాను, ట్రేలో సర్దుకుని తల్లుల గదికి పోయాను. ఒక్కొక్కరే గిన్నె తీసుకున్నారు. ఆ పిల్ల చివరికి మిగిలిన తన గిన్నె తీసుకుని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"అన్నా, నంబరేది?"

మంచం ఖాళీ అయింది కాబట్టి నా చెయ్యి ప్లాస్టర్ పీకేసింది. ఎప్పుడు పీకానో నాకే తెలియదు.

"ఊడిపోయిందమ్మా" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. ఎనిమిది రోజులుగా ఆ గదిలో ఉంది. పక్క మంచం ఆమె గిన్నె ప్లాస్టర్ లేకుండా వచ్చిన రోజు ఏం జరిగిందో చూసింది. మూత తీసి, మళ్ళీ పెట్టి, గిన్నెను ఒళ్ళో పెట్టుకుంది.

అక్క బిడ్డను పొదివి పట్టుకుని గదిలోకి వచ్చేసరికి ఇంకా అట్లాగే కూర్చుని ఉంది. అక్క పక్కన కూర్చుంది, నేను చెప్పినట్టే. నోరు తెరిచేలోపే ఆ పిల్ల బిడ్డ చల్లబడ్డ పాదం తాకి చూసి అంది:

"నంబరు తీసేసిండ్రు గద సిస్టరమ్మా. పది గంటలకు పాలెందుకు తీస్కున్నవ్?"

అక్క తలెత్తి నా చేతిలో ట్రే చూసింది. బిడ్డను ఆమె ఒడిలో పెట్టింది. ఆ పిల్ల బిడ్డ వేళ్ళు విప్పి చూసుకుంది. అక్క మొహం వైపు మళ్ళీ చూడలేదు.

సాయంత్రం బస్సులో సగం దూరం పోయాక "తప్పయింది అక్కా" అన్నాను.

"నీ తప్పేం లేదు తమ్మీ, రోజు చేసే పనే గద." కిటికీ వైపు తిరిగింది. "నేను అబద్ధమాడిన్న అనుకున్నది ఆ పిల్ల. గంతే."

నన్ను తిట్టి ఉంటే బాగుండు అనిపించింది. తొర్రూరులో ఆమె కొడకండ్ల ఆటో ఎక్కింది. నేను గ్రంథాలయానికి పోయి, పొద్దున అక్కకు చెప్పిన మాటలున్న పుస్తకం మళ్ళీ తీశాను. తల్లికి ఏం చెప్పాలో ఉంది, తండ్రికి ఏం చెప్పాలో ఉంది. చెప్పి వచ్చిన నర్సు బస్సులో పక్కన కూర్చుంటే ఆమెకు ఏం చెప్పాలో ముందు నుంచి చివరిదాకా వెతికాను. లేదు. లైబ్రేరియన్ ఫ్యాన్లు ఆపేదాకా వెతికాను.

మర్నాడు అక్క వస్తుందో రాదో అనుకుంటూ బస్టాండులో నిలబడ్డాను. వచ్చింది. ఆ మంచం మీద అప్పటికే ఇంకో బిడ్డ ఉంది, పాలకుర్తి దిక్కు వాళ్ళ బాబు. అక్క ప్లాస్టర్ ముక్క చింపి, పెన్ను పట్టుకుని, రాయకుండా నా వైపు చాపింది.

"నువ్వు రాయి తమ్మీ."

అదే నంబరు రాశాను. గిన్నెకు అంటించి, ఊడకుండా బొటనవేలితో చాలాసేపు ఒత్తి పట్టుకున్నాను.