వెల్డా మోకాళ్ల మందు

ముప్పయ్యేళ్లు అమెరికాలోని ఆరెగాన్‌లో స్కూలు బస్సు నడిపిన వెల్డాకి ఒకరు సలహా చెబితే గిట్టదు. మోకాళ్ల నొప్పులకని అక్కడ చట్టప్రకారమే నడిచే గంజాయి దుకాణానికి వెళ్లి, అమ్మే కుర్రాడు కీనన్ వద్దంటున్నా వినకుండా అన్నిటికన్నా ఘాటైన గంజాయి నూనె కార్ట్రిజ్, దాన్ని బిగించి ఆవిరి పీల్చే పెన్ను కొనుక్కుంది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది.

"ఒరేయ్ కీనన్, ఏం సరుకురా! దగ్గు లేదు, మత్తు లేదు. మోకాళ్లు చూడు," అంటూ కౌంటర్ ముందే గుంజీలు తీసింది.

ఒకప్పుడు ఆమె బస్సులో ముక్కు కారుస్తూ బడికెళ్లిన కీనన్, పెన్ను అందుకుని చూశాడు. నూనె చుక్క కూడా తగ్గలేదు.

"బటన్ ఐదుసార్లు నొక్కితేనే ఆన్ అవుతుందని చెప్పాను కదండీ?"

"బస్సే తాళం ఒక్క తిప్పుకి కదిలేది. దీనికి ఐదా? ఒక్కసారే నొక్కాను."

"అయితే వారమంతా వట్టి గాలి పీల్చారు. ఉండండి, ఆన్ చేసిస్తాను."

వెల్డా పెన్ను లాక్కుంది. "ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా!"