మాత్ర పనిచేయడం మానేసిన ఏడాది

రెండో కాన్పు తర్వాత నాకు జబ్బు చేసింది. జ్వరం లేదు, నొప్పి లేదు. పిల్లాడు పక్కలో గుక్కపెట్టి ఏడుస్తుంటే ఎత్తుకోవాలని తెలిసేది, చేతులు మాత్రం లేచేవి కావు. తొంభైల నడిమి మాట ఇది. అప్పుడు మేము హనుమాన్ జంక్షన్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కొల్లేరు వైపు చెరువుల్లో చేపలు కొని, ఐసులో సర్దించి, కలకత్తా లారీలకు ఎక్కించేవారు. నేను ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుట్టేదాన్ని.

పుట్టింటివాళ్ళు తాయెత్తు కట్టించారు. కొందరు బంధువులు పని తప్పించుకోవడానికి నాటకమన్నారు. నన్ను బస్సెక్కించి విజయవాడలో మానసిక వైద్యుడికి చూపించింది మా అత్తగారు. ఆవిడ బడి మొహం చూడలేదు. మామగారు పోయాక నెత్తిన చేపల గంపతో ఊళ్ళు తిరిగి కొడుకుని పెంచారు. "పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారని తెలిస్తే రేపు పిల్లలకి సంబంధాలొస్తాయా?" అని ఒకావిడ అడిగితే, "సంబంధాల సంగతి తర్వాత. ముందు వాళ్ళకి తల్లుండాలి గదా" అన్నారు.

డాక్టరుగారు సగం ఆకుపచ్చ, సగం తెలుపు ఉండే గొట్టం మాత్ర రాశారు. నెల దాటినా ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ఒక పొద్దున ఎవరూ చెప్పకుండానే మిషన్ ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాను. అత్తగారు గుమ్మంలోంచి చూశారు. లోపలికెళ్ళి కాఫీ కలిపి తెచ్చి నా పక్కన పెట్టారు.

అప్పటి నుంచి ఆవిడకు ఆ మాత్ర మీద గురి కుదిరింది. ఎవరైనా దిగులుగా ఉన్నారని వింటే చాలు, "మా కోడల్ని చూడండి" అనేవారు. పక్క వాటాలో ఉండే ఆవిడ భర్త లారీ డ్రైవరు, రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆవిడను నేను వదినా అని పిలిచేదాన్ని. ఆర్నెల్లు గడిచినా ఆవిడ తలుపు తీసేది కాదు. అత్తగారు ఆవిడనూ ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళారు. ఆవిడకూ అదే మాత్ర. మూడు నెలలు తిరిగేసరికి వదిన వాకిట్లో పొయ్యి పెట్టి ఇడ్లీలు అమ్మడం మొదలుపెట్టింది. మాత్ర మింగడానికి భయం వేసినప్పుడల్లా గోడ అవతలి నుంచి పలకరించేది.

"నువ్వు వేసుకుంటున్నావు గదా, బాగానే ఉన్నావు గదా?"

"బాగున్నా వదినా" అనేదాన్ని. చాలా ఏళ్ళు అది నిజమే.

రెండు వేల సంవత్సరం దాటాక ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ముందు అలసట అనుకున్నాను. నిద్ర పట్టినా లేచేసరికి ఒళ్ళు బరువుగా ఉండేది. కూర రుచి తెలిసేది కాదు. పిల్లలు నవ్వుతూ ఏదో చెబుతుంటే వాళ్ళ పెదాలు చూస్తూ నవ్వేదాన్ని. కొలతల కోసం ఇచ్చిన ఆది జాకెట్లు కుర్చీ మీద పోగుపడ్డాయి. మాత్ర రోజూ వేసుకుంటూనే ఉన్నాను. అయినా పాత చీకటి మళ్ళీ వచ్చి కూర్చుంది.

మాత్ర పనిచేయడం మానేసి ఉండొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. నేనే ఏదో చేసి పాడుచేసుకున్నాననుకున్నాను. కార్తీక మాసంలో ఉపవాసాలున్నందుకా? నడుము నొప్పికి ఏవో బిళ్ళలు మింగినందుకా? మా ఆయనతో గొడవపడినందుకా? ఇంతమంది ఇంత చేసి నిలబెడితే నిలబడలేకపోయానని సిగ్గేసేది. పొద్దున్నే అత్తగారు మంచినీళ్ళ గ్లాసు అందిస్తుంటే ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయేదాన్ని. ఆవిడ నమ్మకాన్ని నేను అబద్ధం చేస్తున్నట్టనిపించేది. ఆవిడ మాట మీద మందు మొదలుపెట్టిన వదిన గుర్తొచ్చి ఇంకా కుంగిపోయేదాన్ని. అందుకే అందరికీ బాగున్నానని చెబుతూ వచ్చాను. వదినకు కూడా.

ఒక సాయంత్రం పెళ్ళివారు జాకెట్ల కోసం వచ్చారు. మర్నాడే ముహూర్తం. గుడ్డ ఇంకా కత్తిరించనే లేదు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. అత్తగారే వాళ్ళతో మాట్లాడి, మిషన్ చెడిపోయిందని చెప్పి, బజారులో ఇంకో దర్జీకి గుడ్డలు అప్పగించి వచ్చారు. తిరిగొచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చున్నారు.

"మిషన్‌కేం కాలేదు. నీకేమయింది?"

"ఏం లేదత్తయ్యా."

"నాతో అబద్ధమెందుకమ్మాయ్? మందు సరిపోవట్లేదు గదా?"

నేను తల వంచుకుని ఏడ్చాను. "మీరు ఇంత చేశారు. నాకే నిలవలేదు" అన్నాను.

"చేసింది నువ్వు బాగుండాలని గానీ, బాగున్నానని నాకు చెప్పాలని కాదు" అన్నారు. ఆవిడ గొంతులో కోపం ఉంది. అంతకుముందు నా మీద అలా కోప్పడగా ఎప్పుడూ వినలేదు.

ఆ వారమే విజయవాడ వెళ్ళాం. డాక్టరుగారు ఓపిగ్గా అన్నీ అడిగారు. మాత్రలు మధ్యలో ఆపానా, కొత్తగా ఇంకేమైనా మందులు వాడుతున్నానా, ఇంట్లో ఏమైనా పెద్ద మార్పు వచ్చిందా అని. ఉపవాసాల సంగతీ, నడుము నొప్పి బిళ్ళల సంగతీ చెప్పాను, నేరం ఒప్పుకుంటున్నట్టు.

"వాటివల్ల ఇంత జరగదమ్మా" అన్నారాయన. "కొందరికి కొన్నేళ్ళు బాగా పనిచేసిన మందు మెల్లగా పట్టు తప్పుతుంది. ఒక్కోసారి జబ్బే ముదురుతుంది. ఒక్కోసారి థైరాయిడ్ లాంటిది తోడవుతుంది. వేరే మందులు అడ్డుపడొచ్చు. ఏమీ లేకపోయినా కూడా జరుగుతుంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు."

"మరి నా తప్పేం లేదాండీ?"

"బీపీ మందు చాలకపోతే ఎవరైనా తప్పు చేశారంటామా? మోతాదు పెంచుతాం, లేకపోతే మందు మారుస్తాం. తప్పల్లా ఇన్నాళ్ళు చెప్పకపోవడమే."

రక్తపరీక్ష చేయించారు. థైరాయిడ్ ఉందని వస్తే బాగుండునని లోలోపల కోరుకున్నాను. దేనిమీదైనా నింద వేయొచ్చని. రిపోర్టులో అంతా మామూలుగానే ఉంది. మోతాదు పెంచారు. అది చాలలేదు. తర్వాత మెల్లగా దాన్ని తగ్గిస్తూ వేరే మాత్ర మొదలుపెట్టారు. దానితో నోరు ఎండిపోయేది, మధ్యాహ్నాలు మత్తుగా ఉండేది. ఇది కూడా పట్టకపోతే ఏమిటన్న భయం వెంటే ఉండేది.

విజయవాడ ఎందుకెళ్ళామని వదిన అడిగితే అత్తగారు ఉన్నదున్నట్టు చెప్పారట. నాకా సంగతి తెలియదు. కొన్నాళ్ళకు వాకిట్లో ఇడ్లీ పొయ్యి వెలగలేదు. ఊరెళ్ళిందేమో అనుకున్నాను. మరికొన్ని రోజులకు కూడా తలుపు తీయకపోయేసరికి వెళ్ళి కొట్టాను. చాలాసేపటికి తీసింది. జుట్టు దువ్వుకోలేదు, నైటీ మాసిపోయి ఉంది.

"మాత్రలు పారేశాను" అంది.

"ఎందుకు వదినా? నీకు బాగానే పనిచేస్తోంది గదా?"

"నీకూ బాగానే ఉందన్నావు గదా. గోడ అవతల నుంచి రోజూ చెప్పావు. అదంతా అబద్ధమని తెలిశాక నా మాత్ర కూడా అబద్ధమే అనిపించింది."

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. చెప్పి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూస్తూ అక్కడే నిలబడిపోయాను. క్షమించమని అడగడానికి కూడా ఆవిడ మొహం నావైపు లేదు.

మర్నాడు అత్తగారు వస్తానన్నా వద్దన్నాను. నేనే వదినకు తల దువ్వి, చీర కట్టించి బస్సెక్కించాను. అప్పటికి నేను సగం కూడా కోలుకోలేదు. గన్నవరం దాటాక నేనే చెప్పాను, ఎన్ని నెలల నుంచి బాగాలేనో, ఎందుకు దాచానో. ఆవిడ కిటికీలోంచి చూస్తూ వింది.

"నాకు ముందే చెప్పుంటే భయపడేదాన్నేమో" అంది చివరికి. "కానీ నీ నోటితో విని భయపడేదాన్ని."

ఒకరికి మందు పట్టు తప్పిందని ఇంకొకరికి తప్పాలని లేదనీ, బాగున్నా లేకపోయినా ఎవరికి వాళ్ళే ఉన్నట్టుండి ఆపేయకూడదనీ డాక్టరుగారు ఆవిడకు చెప్పారు. పాత మాత్రే మళ్ళీ మొదలుపెట్టారు. రెండు నెలలకు ఆవిడ తేరుకుంది. నాకు అంతకన్నా ఎక్కువ కాలం పట్టింది. ఆవిడకు తొందరగా తగ్గిందని నాలో కాస్త అసూయ కలిగింది, అందుకు కూడా సిగ్గుపడ్డాను. కొత్త మందుతో నేను మొదటిసారి తేరుకున్నంత బాగా ఎప్పుడూ తేరుకోలేదు. కానీ మిషన్ తొక్కుతాను, కూరలో ఉప్పు తెలుస్తుంది, పిల్లలు నవ్వితే ఎందుకు నవ్వారో వింటాను.

వదిన నాతో మాట్లాడటం మానలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడూ నన్ను బాగున్నావా అని అడగలేదు. "ఇవాళ ఎట్టా ఉంది?" అని అడిగేది. ఉన్నదే చెప్పేదాన్ని. బాగాలేదని చెప్పాల్సిన రోజుల్లో నోరు తెరవడానికి కష్టపడేదాన్ని. ఆవిడ చట్నీ గిన్నె చేత్తో పట్టుకుని, తొందరపెట్టకుండా గోడ దగ్గర నిలబడి ఉండేది.