కువైట్ వీధికి నర్సీపట్నంలో గీసిన దారి

పాఠక మహాశయులకు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా, ముందు నన్ను క్షమించండి. పోయినవారి గురించి రాస్తున్న ఈ వ్యాసంలో ఒక్క పద్యమైనా లేదు. ధ్రువతార రాలిపోలేదు, తీరని లోటు ఏర్పడలేదు. పక్కన వేయడానికి ఫొటో కూడా లేదు. ఉన్న ఒక్క ఫొటోలో ఆయన సగమే పడ్డారు, మిగతా సగం ఆఫీసు బీరువా. రాస్తూ రాస్తూ నేను నవ్వితే అందుకూ క్షమించండి. వాక్యం పొడుగైతే నన్ను కాదు, నాకు చదువు చెప్పిన లా కాలేజీని క్షమించండి. ఇంకేమైనా తప్పులుంటే అవి కూడా ఈ ఖాతాలోనే వేసుకోవలసిందిగా ప్రార్థన.

పోయిన మంగళవారం తెల్లవారాక మా లాయరాఫీసు గుమస్తాగారు పోయారు. మా సీనియర్‌గారు ఫోన్ చేసి "గుమస్తాగారు లేరోయ్" అన్నారు. నేను పళ్లు తోముకుంటూ "కోర్టుకెళ్లుంటారు సార్" అన్నాను. ఆయన ఆఫీసులో కనబడకపోతే వచ్చిన క్లయింట్లకి మేం చెప్పే మాట అదే. అవతల సీనియర్‌గారు "ఈసారి కోర్టుకి కాదోయ్" అన్నారు. అప్పుడు అర్థమైంది.

గుమస్తా అన్నది ఆయనకి రిటైరయ్యాక వచ్చిన హోదా. అంతకు ముందు ముప్పై ఏళ్లు మా ఊరి కోర్టులో సమన్లు పంచారు. ఎవరి మీద కేసు పడిందో వాళ్లింటికి వెళ్లి, కోర్టు కాగితం చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని రావడం ఆ ఉద్యోగం. ఊరందరికీ ఎదురుపడకూడని మనిషి. గొలుగొండ రోడ్డు మీద ఆయన సైకిలు కనబడితే మొగాళ్లు జీడితోటల్లోకి, ఆడవాళ్లు వంటింట్లోకి పోయేవారట. మనిషి దొరక్కపోతే తలుపుకి కాగితం అంటించి వచ్చేయవచ్చని చట్టంలోనే ఉంది. ఈ సంగతి నేను సెక్షను నంబరుతో సహా ఆయనకి గుర్తు చేసేవాణ్ణి.

"తలుపుకి అంటిస్తే తలుపుకి తెలుస్తాది బాబూ. మడిసికేటి తెలుస్తాది?" అనేవారు.

ఆయనకో నియమం ఉండేది. అన్నం తింటున్న మనిషికి సమను ఇచ్చేవారు కాదు. "మెతుకు గొంతులో ఉండగా కోర్టు మాట సెప్పకూడదు. సెయ్యి కడుక్కున్నాకే" అని గుమ్మం బయట నిలబడేవారు. ఈ సంగతి కనిపెట్టిన ఒక ఘనుడు, ఈయన సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినగానే కంచం ముందు కూర్చుని రెండు గంటలు భోంచేశాడట. ఈయన బయట ఎండలో నిలబడే ఉన్నారట. చివరికి ఆ ఇల్లాలే విసిగిపోయి "కుండ కాళీ అయిపోనాది, ఇంకా ఏటి తింతావు? ఎల్లి ఆ కాయితం పుచ్చుకో" అని మొగుణ్ణి లేవదీసిందట. నేను ఈ కథ కనీసం పదిసార్లు చెప్పించుకున్నాను. పదిసార్లూ ఆయన ఆ ఘనుడి పేరు చెప్పలేదు.

రెండో అలవాటు మ్యాపులు. సమను ఎక్కడ, ఎలా ఇచ్చిందీ కోర్టుకి రిపోర్టు రాయాలి. మిగతావాళ్లు రెండు లైన్లు రాసి ఊరుకుంటే, ఈయన కాగితం వెనకవైపు దారి గీసేవారు. ఎక్కడ తిరగాలి, ఏ ఇంట్లో కుక్క ఉంది, ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ తాగే నీళ్లు దొరుకుతాయి. కేసు అయిపోయాక ఇవన్నీ ఎవరికని నేను అడిగితే "తరవాతెల్లినోడికి. ఆడూ మనోడే గదా" అన్నారు.

ఇక నూకరత్నం కేసు. ఆమెది నాతవరం దగ్గర పల్లె. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పెళ్లయిన ఏడాదికే భర్త కారు డ్రైవరుగా కువైట్ వెళ్లాడు. రెండేళ్లు ఫోన్లు చేశాడు. తర్వాత నంబరు మార్చేశాడు. ఉన్నాడని తెలుస్తుంది, రాడని తెలుస్తుంది, అంతే. ఆమె విడాకులకి వేసింది. ఏమీ అడగలేదు, వదిలేస్తే చాలంది.

ఆమెని వాయిదాలకి ఒక షేర్ ఆటో అబ్బాయి తీసుకొచ్చేవాడు. తీసుకొచ్చి కోర్టు గేటు బయట ఆగేవాడు. పదిమంది వేలాడే షేర్ ఆటోలో ఒక్క మనిషి దర్జాగా కూర్చుని వస్తోందంటే సంగతేమిటో మా ఊళ్లో ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు. అతని తల్లి అప్పటికే సంబంధాలు చూస్తోంది. ఏటికొప్పాకలో ఒక అమ్మాయిని దాదాపు ఖాయం చేసింది. విడాకులు వచ్చేదాకా ఆగమని అతను, ఎన్నేళ్లని తల్లి. విడాకులు రావాలంటే కేసు కదలాలి. కేసు కదలాలంటే భర్తకి సమను ముట్టాలి. భర్త కువైట్‌లో ఉన్నాడు.

నేను ఆధునికుణ్ణి కాబట్టి సలహాలిచ్చాను.

"గుమస్తాగారూ, ఆ మహానుభావుడు ఫేస్‌బుక్‌లో ఉన్నాడు. కారుకి ఆనుకుని ఫొటోలు పెడుతున్నాడు. అక్కడ కొట్టేద్దామా సమను?"

"కొట్టు. సంతకం ఎవురు పెడతారు? ఆ కారా?"

"పోనీ పేపర్లో ప్రకటన వేయిద్దాం."

"మన పేపరు కువైట్ ఎల్తాదేటి బాబూ? మహా అంటే సెంటర్లో పకోడీల దాకా ఎల్తాది."

జడ్జిగారు కూడా గుమస్తాగారి పక్షమే. మనిషి ఎక్కడున్నాడో తెలిసినప్పుడు సరైన దారిలోనే పంపండి అన్నారు. ఆ సరైన దారి ఏమిటంటే, కాగితాలన్నీ రెండేసి ప్రతులు, అరబీ అనువాదంతో సహా, మా కోర్టు నుంచి ఢిల్లీ వెళ్లాలి. ఢిల్లీ నుంచి కువైట్ న్యాయశాఖకి. అక్కడి నుంచి వాళ్ల కోర్టు మనిషి చేతికి. అతను వెళ్లి ఇచ్చి రిపోర్టు రాస్తే అది మళ్లీ ఇదే దారిన వెనక్కి రావాలి. నేనిదంతా గొప్పగా వివరిస్తుంటే గుమస్తాగారికి ఒక్క మాటే చెవికెక్కింది.

"అక్కడా మనలాంటోడు ఉంటాడేటి?"

"ఉంటాడండీ."

"సైకిలా?"

"ఆ ఎండకి సైకిలేమిటండీ, ఏసీ కారు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే ఆడు దిగడు. అద్దంలోంచి సూసి, లేడు అని రాసి ఎలిపోతాడు. దిగనోడికి దారి గీసి ఇవ్వాల" అన్నారు.

అప్పట్నుంచి ఆయన కాలు నిలవలేదు. గల్ఫు నుంచి ఎవరొచ్చారని తెలిసినా వాళ్లింటికి వెళ్లేవారు. చివరికి పాయకరావుపేట మనిషి ఒకతను దొరికాడు. అతని సెలూను నూకరత్నం భర్త ఉండే వీధిలోనే ఉంది. భర్తకి గడ్డం గీసేది కూడా అతనే. మా ఆఫీసులో బెంచీ మీద కూర్చుని, నా ఫోన్లో వీడియో కాల్ పెట్టించి, గుమస్తాగారు కువైట్‌ని సర్వే చేశారు.

"నీ కొట్టు గుమ్మంలో నిలబడు నాయనా. కుడి సెయ్యి సాపు. ఆ సెయ్యి ఎటేపు సూపిత్తంది?"

"కిరాణా కొట్టు బాబాయ్."

"నడు. బేగి నడవకు, నాను రాసుకోవాల. అడుగులు లెక్కెట్టు."

"బాబాయ్, షాపులో కస్టమరున్నాడు. సగం గడ్డం మీదున్నాడు."

"ఉండనీ. ఆడికేటి, సమనొచ్చిందా?"

అలా నాలుగు ఆదివారాలు. చిక్కు ఎక్కడుందో అప్పుడు బయటపడింది. ఒకే నంబరుతో రెండు భవనాలున్నాయి. రోడ్డు మీదకి కనిపించేది కొత్తది. మనవాడు ఉండేది దాని వెనకున్న పాతదాంట్లో. దానికి వెళ్లే సందు కిరాణా కొట్టు పక్కన ఏసీ డబ్బాల చాటున ఉంది. చిరునామాలో ఎంత రాసినా అది రాదు. మ్యాపులోనే వస్తుంది. గుమస్తాగారు ఫుల్‌స్కేప్ కాగితం మీద గీశారు. ఊళ్లో అరబీ నేర్పే పెద్దాయన దగ్గరికి వెళ్లి గుర్తులన్నిటికీ అరబీలో పేర్లు రాయించుకొచ్చారు. ఆ వీధిలో ఎవరో పుణ్యాత్ముడు గోడకి పెట్టించిన చల్లనీళ్ల కుళాయి ఉంటే దాన్నీ గుర్తు పెట్టారు. అడుగున ఆ కువైట్ ఉద్యోగికి సూచనలు: "మెట్ల మీద చీకటి. రెండో అంతస్తు, ఎడమ తలుపు. భోజన సమయమైతే చేయి కడుక్కునే వరకు ఆగవలెను."

అది కూడా అరబీలో.

నేను నవ్వాను. లాయర్ల గదిలో దీన్ని నటించి చూపించి టీలు తాగాను. రెండు ప్రభుత్వాల మధ్య నడిచే ఫైల్లో నీళ్ల కుళాయి. కట్ట కట్టి కోర్టులో దాఖలు చేసే పని నాది. దాఖలు చేశాను. కాగితాలు ఢిల్లీ వెళ్లాయి.

ఆ తర్వాత ఎదురుచూపులు. వాయిదా, వాయిదా, మళ్లీ వాయిదా. ప్రతిసారీ నూకరత్నం ఒకటే అడిగేది. "బాబాయిగారండీ, ఆడికి కాయితం ముట్టిందాండీ?"

"ముడతాది తల్లీ. దారి గీసి మరీ పంపేను."

వాయిదా రోజున గుమస్తాగారు ముందు కోర్టు హాల్లోకి వెళ్లేవారు కాదు. గేటు దాకా వెళ్లి, ఆటో ఉందో లేదో చూసి వచ్చి, అప్పుడు కేసుల జాబితా చూసేవారు. కూర్చోలేకపోయేవారు. వరండాలో ఇటు నుంచి అటు తిరుగుతుంటే నేను "సార్, ఇలా నడిస్తే మీరే ఈపాటికి కువైట్ చేరేవారు" అన్నాను. ఆయన నవ్వలేదు.

పది నెలలకి ఢిల్లీ నుంచి ఒక్క కాగితం తిరిగొచ్చింది. ఆ భవనంలో అలాంటి మనిషి లేడు, చిరునామా చాలదు.

గుమస్తాగారు దాన్ని ఎన్నిసార్లు చదివించుకున్నారో. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. సీనియర్‌గారినీ అడగలేదు. తన చేతులకేసి చూసుకున్నారు. "సందు తప్పు గీసుంటాను. కళ్లు ముందులా లేవు" అన్నారు.

తర్వాతి వాయిదాకి ఆటో లేదు. నూకరత్నం బస్సులో వచ్చింది. ఆ రోజు గుమస్తాగారు మధ్యాహ్నం క్యారేజీ మూత కూడా తీయలేదు. సాయంత్రం ఆ సెలూను అతనికి మళ్లీ ఫోన్ చేయించారు. "నాయనా, మల్లీ మొదట్నుంచి నడు. ఈసారి తప్పు నాది, ఓపిక పట్టు" అన్నారు.

కొత్త మ్యాపు తయారైంది. రెండో కట్ట కూడా నేనే కట్టాను. వెళ్లింది. ఆ మరుసటి వాయిదాకి ఆటో గేటు బయట ఉంది. అబ్బాయి బాగా చిక్కిపోయి ఉన్నాడు. తల్లితో మాటల్లేవని, ఏటికొప్పాక సంబంధం తప్పిపోయిందని తర్వాత తెలిసింది. రెండోసారి ఏడో నెలకే జవాబొచ్చింది. సమను ముట్టింది. సంతకం ఉంది. రెండో అంతస్తు, ఎడమ తలుపు. భర్త కోర్టుకి రాలేదు, ఎవర్నీ పెట్టుకోలేదు. అతను లేకుండానే కేసు నడిచి, మొన్న వేసవిలో నూకరత్నానికి విడాకులు వచ్చాయి.

తీర్పు కాపీ తీసుకోవడానికి ఆమె, ఆటో అబ్బాయి ఇద్దరూ కలిసి ఆఫీసుకి వచ్చారు. అబ్బాయి తల్లి ఆ పెళ్లికి రానని చెప్పేసిందట. ఏడాది ముందైతే ఒప్పుకునేదేమో, ఈలోగా మాటా మాటా చాలా పెరిగిపోయింది. ఆ మాట విని గుమస్తాగారు కుర్చీలోంచి లేచారు. తన మనవరాలి వయసు పిల్లకి రెండు చేతులూ జోడించారు.

"నా వల్లే ఏడాది పోయిందమ్మా. మొదట గీసింది తప్పు. రెండోది సరిగ్గా గీసేను. సెమించు తల్లీ."

"అయ్యో బాబాయిగారండీ, అదేటి మాటండీ" అని నూకరత్నం ఆయన చేతులు పట్టుకుని కిందకి దించింది.

నేను అక్కడే ఉన్నాను. బీరువా పక్కన. ఏ సందర్భానికైనా ఒక జోకు సిద్ధంగా ఉండే మనిషిని, అరువుకి కూడా ఒకటి దొరకలేదు.

మంగళవారం సాయంత్రం దహనానికి వాళ్లిద్దరూ వచ్చారు. జనం ఎక్కువ లేరు. సమన్లు తెచ్చినవాడికి ఎవరొస్తారు? అయినా ముగ్గురు నలుగురు ముసలాళ్లు దూరంగా నిలబడి కనిపించారు. ఒకప్పుడు ఆయన చేత సమన్లు అందుకున్నవాళ్లట. వాళ్లలో ఒకాయన కాస్త ఎక్కువ తిండి పుష్టితో ఉన్నట్టు నాకు అనిపించింది. అడగలేదు.

బుధవారం నుంచి ఆఫీసులో ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఈ వ్యాసం కూడా లేచి తిరుగుతూ, మళ్లీ కూర్చుంటూ రాసిందే. నిన్న నా సొరుగు తాళం తీసి మొదటి మ్యాపు బయటపెట్టాను. రెండోదాని జిరాక్సు పక్కన పరిచాను. సందు అక్కడే ఉంది. మెట్లు అక్కడే ఉన్నాయి. అడుగుల లెక్క కూడా తేడా లేదు. ఆయన చెయ్యి రెండుసార్లూ ఒకే దారి గీసింది.

మొదటిది కువైట్ వెళ్లలేదు. కట్ట కట్టేటప్పుడు, ఢిల్లీలో ఎవరో పెద్ద ఆఫీసరు చూసి నర్సీపట్నం లాయర్లంటే ఇంతే అని నవ్వుతాడని, దాన్ని నేనే తీసేశాను. కాగితం మూలన పిన్ను పీకిన రెండు చిల్లులు ఇంకా ఉన్నాయి. వెలుతురుకి పెట్టి చూస్తే కనిపిస్తాయి.