నాన్న తిరిగిన తొమ్మిది మగ్గాలు: పల్సానాలో ఒక సాయంత్రం

నాన్న పోయిన రెండు నెలలకు నేను సూరత్ రైలెక్కింది ఒక ఫోను తాళం కోసం. నాన్న సూరత్ దగ్గర పల్సానాలో మరమగ్గాలు నడిపేవాడు; సెలవుకు ఇంటికొచ్చినప్పుడు గుండె ఆగిపోయింది. ఫోను మాత్రం మిగిలింది. అది ప్రతి కాల్‌నూ దానంతటదే రికార్డు చేస్తుందని ఎవరో అమ్మకు చెప్పారు. అప్పటినుంచి “బాపు మాట ఒక్కసారి వినిపియ్యే” అని ఒకటే అడుగుడు. తాళం చుక్కల తాళం, చుక్కల మీదుగా వేలితో గీత గీస్తే తెరుచుకునేది. షాపులో తీస్తామన్నారు గానీ లోపలిదంతా చెరిగిపోతుందట.

నేను చదివింది కంప్యూటర్ సైన్సే కాబట్టి ధైర్యం చేశాను. తొమ్మిది చుక్కలు, వాటిని కలిపే గీతలు: మా పాఠాల్లో దీన్నే గ్రాఫ్ అంటారు. ఏ చుక్కనూ రెండోసారి తాకకుండా వెళ్లే దారి ఒకటి కనుక్కోవాలి. అలాంటివి నాలుగు లక్షలకు దగ్గరగా ఉన్నాయి. కొన్ని తప్పుల తర్వాత ఫోను ఒక్కో ప్రయత్నానికి ఒక రోజు ఆగమంది. అంటే అన్నీ గీసి చూడటానికి వెయ్యేళ్లు. నాన్న చదువుకోలేదు, తేలికైనదే పెట్టుకుని ఉంటాడని వరసలు గీశాను, నడుమ నుంచి దగ్గరి చుక్క, దాని పక్క చుక్క పట్టుకుంటూ చుట్టు కూడా గీశాను. తెరుచుకోలేదు. దారి ఎవరైనా చెబితే సరిచూడటం క్షణం పని. వెతకటమే మనిషి ఆయుష్షుకు అందనిది. తెలిసి ఉండగలిగింది నాన్నతో ఒకే గదిలో ఉన్న రాజమల్లు కాకకే. ఆయన నంబరు కూడా ఆ ఫోనులోనే ఉంది.

వరంగల్ నుంచి దాదాపు ఇరవై గంటలు, స్లీపర్ టికెట్టు ఐదొందల పైచిలుకు. సూరత్‌లో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. బార్డోలీ బస్సెక్కి కడోదరా చౌరస్తాలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో పల్సానా వెళ్లాను. రెండూ కలిపి యాభై రూపాయలు. దారంతా అద్దకం మిల్లుల రంగు నీళ్ల వాసన. తెలుగువాళ్ల షెడ్డు ఎక్కడని అడిగితే డ్రైవరు నవ్వాడు. “తుమ్హారే లోగ్? బహుత్ చిల్లాతే హై, బెహన్!” మీవాళ్లు మరీ అరుస్తూ మాట్లాడతారని. అరుపులు వినపడే గల్లీ ముందే దింపాడు కూడా.

ఆరున్నరకు షెడ్డులో అడుగుపెట్టాను. ఆ మోతలో నా పేరు నాకే వినపడలేదు. రాజమల్లు కాక నన్ను చూసి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. ఫోను చూపించి చుక్కల మీద వేలు ఆడించాను. ఆయన నా చెవి దగ్గరికొచ్చి అరిచాడు.

“గది నేనే పెట్టిచ్చిన! యాది మర్శిపోతవ్‌రా, నువ్వు మగ్గాల నడుమ తిరిగే తిరుగుడే గీయి అని మీ బాపుకు చెప్పిన!”

మూడు వరసల్లో తొమ్మిది మగ్గాలు, నాన్న ఒక్కడే చూసుకున్నవి. నా చెయ్యి పట్టుకుని నడిపించాడు. మొదట నడుమది; దారం ఎక్కువ తెగేది అదేనట. అక్కడి నుంచి పక్కదాన్ని వదిలేసి ఐమూలగా కుడి మూలకు, తర్వాత అంచు వెంబడి ఎడమకు, కిందికి, మళ్లీ కుడికి తిరిగి, చివరికి ఆ వదిలేసిన పక్క మగ్గం. “గది సతాయించదు! అందుకే ఆఖరికి!” నేను గీసిన చుట్టుకూ దీనికీ తేడా ఆ ఒక్క మగ్గమే. అన్ని అడుగులూ సమానమనుకుని దగ్గరి దారి వెతికాను. నాన్న మగ్గాల గుణం చూసి నడిచాడు. వేలితో గీశాను. ఫోను తెరుచుకుంది.

ఏడింటికి షిఫ్ట్ మారేటప్పుడు మగ్గాలు ఆపారు. రికార్డులు డెబ్బైకి పైనే ఉన్నాయి. నాది ఒకటి నొక్కాను.

“బాపూ, ఉద్యోగం రాలే. ఇంటికొస్తున్న.”

“మంచిదే బిడ్డా.”

ఆ మాటకు కోపమొచ్చి మూడు నెలలు ఫోన్ చెయ్యలేదు నేను. తర్వాత అమ్మది. ఇల్లు కురుస్తోందని, మోకాలు పట్టేసిందని, ఎప్పుడొస్తవని. “మంచిదే.” ఇంకొకటి. “మంచిదే, మంచిదే.”

రాజమల్లు కాక నేలకేసి చూస్తున్నాడు. “ఈ మోతకు ఆనికి రెండేండ్ల సంది వినపడలే బిడ్డా. నేనన్నా చెవుల నోరువెట్టి ఒర్లాలె. ఫోన్ల మీ ఫోటో చూసి ఎత్తెటోడు. చెప్తే సేటు తీసేస్తడు, ఇంటోళ్లు పరేషాన్ అయితరు అని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు.”

“మరి అంతకుముందు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు?”

“ఊకె మూతులు చూసి అర్థం చేసుకుంటుండె. నిరుడు ఇంటికొచ్చినప్పుడు నువ్వు మూడు దినాలే ఉన్నవట, ఫోన్ చూసుకుంటనే ఉన్నవట, తిరిగొచ్చినంక చెప్పిండు.”

అప్పుడే అమ్మ ఫోను. “తెరుసుకున్నదా? మాట ఉన్నదా?”

“ఉన్నదమ్మా.”

“నేను చెప్పినయి గూడా ఉన్నయా? అన్ని విన్నడా మీ బాపు?”

గల్లీలో ఎవరో ఎవరినో అరిచి పిలుస్తున్నారు. “అన్నిటికి జవాబు చెప్పిండమ్మా,” అన్నాను.

అబద్ధం కాదు. కానీ అమ్మ ఆ రికార్డులు తానే వింటుంది, ఒకటి తర్వాత ఒకటి, డెబ్బై. ఎన్నోదాని దగ్గర, నాన్నకు ఏదీ వినపడలేదని ఆమెకు తెలిసిపోతుందో నా చదువు చెప్పలేదు. అంతకుముందే నేనే చెప్పాలా, ఆమె అడిగేదాకా ఆగాలా అన్నది తిరుగు రైల్లో దారి పొడుగునా తేల్చుకోలేకపోయాను. భుసావల్ దాటాక ఒకటి మాత్రం అనుకున్నాను: చెప్తే ఫోన్‌లో చెప్పను, ఎదురుగా కూర్చుని చెప్తాను.

మీలో ఎవరైనా మనవాళ్లను చూడటానికి ఈ షెడ్లకు వెళితే, ఉదయమో సాయంత్రమో సరిగ్గా ఏడింటికి అక్కడుండండి. మగ్గాలు ఆగేది పది నిమిషాలే. ఎదురుగా నిలబడి, పెదాలు కనిపించేలా మాట్లాడండి.