ఎంకయ్య మడికి నేను కొట్టిన మోట

నవ్వితె నవ్వుండ్రి గని, మొత్తం ఇన్నంకనే నవ్వుండ్రి. బాయిల నీళ్లు అడుగంటిన ఏడు, బొట్టు బొట్టుకు కొట్లాడుకునే కాలంల, నా ఎద్దులతోని నేనే మోట కొట్టి ఎంకయ్య మడి పారిచ్చిన!

ఎంకయ్య అంటె మా చిన్నాయిన కొడుకు. ఇద్దరికి ఒకటే బాయి. ఒకనాడు నా వంతు, మర్నాడు గాయన వంతు. మాటలు మాత్రం లేవు. కల్వకుర్తి అంగడిల నేను కర్రెద్దును కొనుక్కొచ్చిన నాడు, దాని పండ్లు చూసి పదిమందిల "ముసలెద్దే అన్నా" అన్నడు. గంతే, బంద్.

కాలువ ముందుగాల ఎంకయ్య మడి పక్కకెల్లి వచ్చి, తర్వాత నా మడికొస్తది. నా వరి పొట్టకొచ్చింది. గా పొద్దు నా వంతు. ఇగ నీళ్లు పారకుంటె గడ్డే. నడిమిట్ల ఎంకయ్య నీళ్లు మలుపుకుంటడని నా అనుమానం. తెల్లారంగనే పోయి గాయన మడిలకు పోయే గండి మూసిన. మామూలుగ కాదు! మట్టి తవ్వి, ఏసి, తొక్కి, మల్ల ఏసి.

"ఇగ సాలు తియ్యి" అన్నది మా ఇంటామె.

"నీకేం తెలుసు పని? పోయి అంబలి కాసుకరా!" అని ఎల్లగొట్టి మోట షురూ చేసిన.

జరసేపటికి ఎంకయ్య బాయికాడికి ఉరికొచ్చిండు. నాతోని మాట్లాడడు కదా, కర్రెద్దు దిక్కు చూసి అంటడు: "ఓ ఎద్దూ, కాలువ తెగిందని మీ ఆసామికి చెప్పు."

నేను తక్కువోన్నా? "కర్రెద్దా, గా మాటలు ఇనకు. మోట ఆపిచ్చి మన వంతు కరాబ్ చేస్తడు. నడువు!"

"నీళ్లన్ని నా మడిలకే వస్తున్నయని చెప్పు ఎద్దూ."

"నీళ్లొస్తె ఎవడన్న వచ్చి చెప్తడానె? సప్పుడుగాక పారిచ్చుకుంటడు. మనకు గంత తెల్వి లేదనుకున్నడు, నడువు నడువు!"

"చెప్పుడు నా ధర్మం, చెప్పిన. ఇగ ఎద్దు ఇష్టం" అని ఎంకయ్య పోయి తుమ్మ నీడకు కూసొని చుట్ట ముట్టిచ్చిండు.

నాకు ఇంకింత జిద్దొచ్చింది. పాట ఎత్తుకొని కొట్టిన, కొట్టిన, బొక్కెనల బురద వచ్చేదాక కొట్టిన!

అంబలి తెచ్చిన మా ఇంటామె ఒడ్డు మీదనే నిలవడ్డది. "ఏమయ్యా, మన మడి నెర్రెలు వారే ఉన్నది. ఎంకయ్య మడిల కప్పలు అరుస్తున్నయి!"

ఉరికి చూస్తె ఏముంది! గండి మూసిన కాడ మట్టి గుట్ట లెక్క ఉన్నది, చుక్క కారలే. గని గా మట్టి నేను ఏడికెల్లి తవ్విన? పక్కనున్న కాలువ కట్టకెల్లే! కట్ట పల్చనై తెగింది, నా వంతు మొత్తం ఎంకయ్య మడిల వడ్డది.

ఇగ నా వరి పోయినట్టే. తెల్లారితె ఎంకయ్య వంతు. నేను అడుగుతనా? పానం పోయినా అడుగ. మా ఇంటామె పోయి, "ఎంకయ్యా, రేపు నీ వంతు మాకియ్యి" అన్నది.

"తీసుకోండ్రి వదినె. నా మడి అన్ననే పారిచ్చిండు కదా, మస్తు పారిచ్చిండు" అన్నడట. నవ్వలేదట కూడ! నవ్వితె జర తిట్టేటోన్ని.

రాత్రంత బాయిల ఊరిన గా నీళ్లకే నా వరి బతికింది, పండింది. కొత్త బియ్యం వండిన నాడు బువ్వ తలె ముంగట కూసున్న. ఎంకయ్య ఇచ్చిన నీళ్ల బువ్వ! ముద్ద గొంతు దిగుతదా? ఇజ్జత్ ఉన్నోడు తింటడా అని పైకే అన్న. మా ఇంటామె తలె తియ్యవోయింది.

చెయ్యి పట్టుకొని ఆపిన. "జర ఇంకింత పెట్టు."