సైజులాయన మడమ

పాదం చూడగానే, కొలత పెట్టకుండానే సైజు చెప్పేస్తాడని ఆ చెప్పుల షాపాయనకు సైజులాయన అని పేరు పడిపోయింది. ముప్ఫయ్యేళ్లుగా అందరి పాదాలూ చూశాడు. తన పాదాలు చూసుకుందామంటే బొజ్జ అడ్డమొస్తోందని తనే నవ్వేవాడు.

కూతురికి నెలలు నిండుతుండగా డాక్టరమ్మ పరీక్ష చేయించి, గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి ఉందని చెప్పింది. తల్లికి బాధేమీ తెలియకపోయినా, కాన్పులో బిడ్డకు సోకితే ప్రమాదమట. అందుకని నొప్పులు మొదలవగానే సెలైన్‌తోపాటు పెనిసిలిన్ ఎక్కిస్తామంది.

ఇంటికి రాగానే సైజులాయన అందుకున్నాడు. "శుభ్రం ఉండాలమ్మా! ఆ బయటి తిండి వద్దంటే విన్నావా?"

"నాన్నా, దీనికీ శుభ్రానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పింది కదా!"

"మొహమాటానికి అలాగే అంటారు."

ఆ వారమే షాపులోకి వచ్చిన ఎనిమిదో సైజు కొత్త బూట్లు తొడుక్కుని తిరిగాడు. ఊరందరి సైజులూ చెప్పే మనిషికి, తన కాలు ఇరవయ్యేళ్ల క్రితమే ఎనిమిది దాటిందని తెలియలేదు. మడమ ఒరుసుకుపోయింది. షుగర్ వల్ల నొప్పి కూడా తెలియలేదు.

నాలుగో రోజు పొద్దున్నే కూతురికి నొప్పులు మొదలయ్యాయి, ఆయనకు వణుకు మొదలైంది. తాతనవుతున్న కంగారు కాబోలనుకున్నాడు. ఆస్పత్రి వరండాలో కూలబడ్డాడు.

"కాన్పు మీ అమ్మాయికా, మీకా?" అంటూ నర్సు, వాచినట్టున్న కాలి బూటు విప్పి మేజోడు లాగింది. పిక్క దాకా ఎర్రగా వాచిపోయి ఉంది.

ఆపరేషన్ చేసి పుండు శుభ్రం చేశారు. రెండు రోజులకు చీము పరీక్ష రిపోర్టు వచ్చింది. అదే క్రిమి!

"మా అమ్మాయి నుంచి అంటిందా డాక్టరుగారూ?"

"ఎవరి నుంచని చెప్పలేం. చాలామంది ఒంట్లో ఊరికే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకి చిన్న పుండు పడితే చాలు, లోపలికి దిగిపోతుంది."

కూతురికి మందు వేళకు అందడంతో మనవరాలు మాత్రం ఏ జబ్బూ లేకుండా పుట్టింది.

పది రోజులకు చేతికర్రతో ఇల్లు చేరి, కూతురి మంచం పక్కన కూర్చున్నాడు.

"నీకు శుభ్రం లేదన్నాను... నా మొహం! నేను మూడు రోజులు అవే మేజోళ్లు తొడిగాను తల్లీ."

"నవ్వించకు నాన్నా, కుట్లు లాగుతున్నాయి," అంటూ పాపను అందించబోయింది.

ఆయన చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఉండమ్మా, ముందు కడుక్కొస్తాను. ఈ ఇంట్లో శుభ్రం లేని మనిషి ఎవరో తేలిపోయిందిగా."