మా వాడు బతికించిన బండి

మా అబ్బాయి పోయి ఇవాళ్టికి నలభై మూడు రోజులు. ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడని ఫోను వచ్చింది. చేసినమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. మాటలు నాకు సగమే తెలిశాయి, ఆమె గొంతు మాత్రం మొత్తం తెలిసింది. గుండె అన్నారు. వాడికి ముప్పై ఒకటి. ఆ రోజు గురించి ఇంతకన్నా రాయలేను.

నేను నాలుగో తరగతి వరకే చదివాను. పెళ్ళి చేసుకుని శ్రీకాకుళం వైపు నుంచి సింగపూర్ వచ్చాక, తెలుగు రాయడమంటే మా అమ్మకు రాసిన ఉత్తరాలే. మన తెలుగు సంఘం పెద్దాయన వచ్చి, వాడి గురించి మీరే రాయండమ్మా, పత్రికలో వేస్తాం అన్నారు. నాకు రాదన్నాను. మీ వాడిని మీకన్నా ఎరిగినవాళ్ళు ఎవరున్నారు అన్నారు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా వాడి ఉద్యోగం గురించే మాట్లాడారు. వాడు చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసేవాడు. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు వాడితో పనిచేసేవాళ్ళు. వాళ్ళలో ఒకతను నా పక్కన కూర్చుని, "కంప్యూటర్ ఆగిపోతే మేమందరం తలా ఒకటి చెప్పేవాళ్ళం ఆంటీ. మీ అబ్బాయి మాత్రం, చూసి చెప్పు, ఊహించి చెప్పకు అనేవాడు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఆఫీసు గుర్తు రాలేదు. మా వంటింట్లో పాత పేపర్ల మీద పరిచిన ఇనప ముక్కలు గుర్తొచ్చాయి. ఆ మాట వాడు అక్కడ నేర్చుకున్నాడు.

మేముండేది సెంబవాంగ్‌లో, మూడో అంతస్తు. మా ఆయన షిప్‌యార్డులో పనిచేశారు. వాడు హైస్కూల్లో ఉండగానే పోయారు. పక్క బ్లాకులో ఒక మలయ్ పెద్దాయన ఉంటారు. ఆయనా షిప్‌యార్డు మెకానిక్కే. మా వాడు పాక్చిక్ అని పిలిచేవాడు, వాళ్ళ భాషలో బాబాయి అన్నట్టు. నేనూ అలాగే అలవాటు పడ్డాను. ఆయన నన్ను కాక్ అంటారు, అంటే అక్క. పాక్చిక్ దగ్గర ఒక కారుండేది. ఇక్కడి నేవీలో పనిచేసిన ఒక తెల్లాయన ఊరికి వెళ్ళిపోతూ ఆయనకు అమ్మేసిన బండి. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టార్టు చేస్తే మా మూడో అంతస్తు గ్లాసులు గలగలలాడేవి. మా ఆయన వాడిని భుజాన ఎక్కించుకుని కిందికి తీసుకెళ్ళి చూపించేవారు. దాన్ని మజిల్ కార్ అంటారని మా వాడు పెద్దయ్యాక చెప్పాడు. మజిల్ అంటే కండ అట. అప్పటికి ఆ కండలన్నీ తుప్పు పట్టి, బండి కార్ పార్కు మూల గుడ్డ కప్పుకుని పడుంది.

ఈ ఊళ్ళో కారు ఆయుష్షు కాగితం మీద రాసి ఉంటుంది. గడువైతే డబ్బు కట్టి పొడిగించుకోవాలి, ఇన్‌స్పెక్షన్‌లో నెగ్గాలి, లేదంటే తుక్కుకు వెళ్ళాలి. నాకు అర్థమైనంత అది. పాక్చిక్ కళ్ళు తగ్గాయి, చేతిలో డబ్బూ తగ్గింది. ఒకరోజు తాళం తెచ్చి మా వాడి చేతిలో పెట్టి, ఒక్కటే షరతు పెట్టారు. తుక్కుకు పంపించకు అని. మా వాడు సరేనన్నాడు. వాడు సరేనంటే అది అయినట్టే.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న ఏడాది అది. ఆఫీసులో వాడికి ఊపిరి సలపని పని. జీతం బాగానే పెరిగిందిగానీ, వాడి చెల్లెలు, మా చిన్నదాని చదువు, ఇంటి లోను పోగా మిగిలిన దాంట్లోనే ఆ బండి బతకాలి. కొత్త సామాను కొనేవాడు కాదు. తుక్కు దుకాణాలు తిరిగి, పాత బండ్లలోంచి విప్పి తెచ్చుకునేవాడు. కింద రిపేర్లు చేయకూడదని బోర్డు. అందుకని విప్పగలిగినదల్లా మెట్ల మీద పైకి మోసుకొచ్చేవాడు. మా లిఫ్టు మూడో అంతస్తులో ఆగదు. సీట్లు హాల్లో, లైట్లు బాల్కనీలో, మరలన్నీ పాత ఐస్‌క్రీం డబ్బాల్లో. నేను పారేస్తానని భయం. అందుకని నా దగ్గర అక్షరాలు నేర్చుకుని డబ్బాల మీద తెలుగులో రాసేవాడు. ముందర, ఎనక, కుడి, ఎడం. ఒక డబ్బా మీద 'ముటొదు' అని ఉండేది. ముట్టొద్దు అన్నమాట. ఒత్తులు వాడికి ఎప్పుడూ కుదరలేదు.

చేతులు నల్లగా ఉన్నాయని చెప్పి నేనే అన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని. నోరు తెరుస్తాడు గానీ కళ్ళు మర మీదే. బోల్టు రాకపోతే బలం పెట్టేవాడు కాదు. నూనె చుక్క వేసి, దాని పక్కనే కూర్చుని టీ తాగేవాడు. "ఇట్ విల్ కమ్ లా. మనం తొందరపడితే విరుగుద్ది" అనేవాడు. ఆ 'లా' ఇక్కడివాళ్ళు ఇంగ్లీషు మాట చివర తగిలించేది. హైదరాబాదు పిల్లలు ఒకసారి చూడ్డానికి వచ్చి, మా ఊళ్ళో అయితే దీన్ని కొబ్బరి బొండాలు మొయ్యడానిక్కూడా తీసుకోరని నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వుతూనే వాళ్ళ చేతికి సాండ్ పేపర్ ఇచ్చి తలో పక్కా గీకించాడు.

ఏడాదిన్నర పట్టింది. మొదటిసారి ఇన్‌స్పెక్షన్‌కు తీసుకెళ్తే బ్రేకులు సరిలేవని తిప్పి పంపేశారు. వాడు, పాక్చిక్ కలిసి బ్రేకులు బాగుచేశారు. మళ్ళీ వెళ్ళడానికి శనివారం దొరికింది. సోమవారంతో కాగితం గడువు అయిపోతుంది. అంటే శనివారం నెగ్గకపోతే ఇక లేదు. ఆ వారమంతా ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడుకోలేదు.

గురువారం ఇంజను పొగ కొంచెం ఎక్కువగా వదిలిందని, కార్బురేటర్ విప్పి పైకి తెచ్చాడు. అందులో పెట్రోలు కొలిచి పంపే చిన్న ఇత్తడి ముక్కలుంటాయి, జెట్లంటారు. మధ్యలో సూది పట్టేంత కన్నం. వాటిని కడిగి, నా స్టీలు గిన్నెలో వేసి, సింకు పక్కన ఆరబెట్టాడు. శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టి, పొద్దున్నే ఏదో వాషరు కోసం బజారుకు వెళ్ళాడు.

శుక్రవారం నేను దేవుడి సామాను తోముతాను. కుందులు, గంట, చెంబు సింకులో వేసి, చింతపండు నానేసి, రుద్దుతున్నాను. పక్కన చూస్తే ఆ ఇత్తడి ముక్కలు నల్లగా, కళ తప్పి ఉన్నాయి. డబ్బాలో లేవు, వాటి మీద 'ముటొదు' అని లేదు. నా గిన్నెలో, నా సింకు పక్కన ఉన్నాయి. ఇత్తడిని చింతపండుతో తోమకుండా వదిలేసిన తెలుగు ఆడది ఎక్కడైనా ఉందా? తోమాను. బంగారంలా వచ్చాయి. కన్నాల్లో పిప్పి ఉంటుందేమోనని చీపురులోంచి ఒక ఈనె విరిచి, కుందుల సందులు ఎలా పొడుస్తానో అలాగే ఒక్కో కన్నంలో పొడిచాను. ఆఖరి దాంట్లోంచి తీసినప్పుడు ఈనె కొంచెం పొట్టిగా కనిపించింది. కొస రాలి సింకులో పడి ఉంటుందిలే అనుకున్నాను. వెతకలేదు.

వాడొచ్చి చూసి నవ్వాడు. కడిగావా, అంతేనా అని అడిగాడు. అంతే అన్నాను. మెరుస్తున్న వాటిని చూసి వాడు సంతోషపడుతుంటే, ఈనె సంగతి చెప్పబుద్ధి కాలేదు. తొందరలో ఉన్నాడు. బిగించుకుని కిందికి పట్టుకెళ్ళాడు.

నేను పైన వరండాలో నిలబడ్డాను. కింద బండి పక్కన పాక్చిక్ ఉన్నారు. ఇంజను స్టార్టయింది. ఆక్సిలరేటర్ తొక్కగానే దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే. పదిసార్లు చేసి ఉంటాడు. ఇంజనుకు పెట్రోలు తోసే పంపు పాక్చిక్ తెచ్చింది, ఏదో పాత బండిలోది. మా వాడు దిగి, పెద్దాయన మొహం చూడకుండానే, "పాక్చిక్, యువర్ పంప్ లా. ఐ టోల్డ్ యు" అన్నాడు. పెద్దాయన స్పానరు గుడ్డలో చుట్టి, కింద పెట్టి, శుక్రవారం నమాజుకు వెళ్ళిపోయారు. ఆయన అలా వీపు తిప్పి వెళ్ళడం నేను మరెప్పుడూ చూడలేదు.

అప్పటికి నాకు తెలుసు. తెలిసీ నిలబడ్డాను. పంపుదే తప్పేమో, చూద్దాం అనుకున్నాను. చెబితే వాడు నన్ను ఎలా చూస్తాడో అని భయం. చెప్పకపోతే పెద్దాయన తప్పు మోస్తారు. నేనలా ఊగుతుండగానే వాడు సంచి భుజాన వేసుకుని బస్ స్టాపు వైపు నడిచాడు. ఇంకో పంపు వెతకడానికి. ఊరి అటు చివరికి వెళ్ళి, తిరిగి, తెచ్చి బిగించేసరికి ఆ రోజు అయిపోతుంది. ఆ పంపు వేసినా అది దగ్గుతూనే ఉంటుంది. శనివారం పోతుంది. బండి తుక్కుకు పోతుంది.

మెట్లు ఎలా దిగానో తెలీదు. రోడ్డు దాటేసరికి బస్సు వచ్చి ఆగింది. వాడు ఒక కాలు బస్సులో పెట్టాడు.

"ఒరే నాయినా, దిగు. ఆ పంపు మంచిదేరా."

"హౌ యు నో, అమ్మా?"

"ఆ ఇత్తడి ముక్కలు నాను కడిగినానంతే కాదు. ఈనెతో పొడిసినాను. కొస లోపలే ఇరిగిపోనాది."

డ్రైవరు చూస్తున్నాడు. వాడు నన్ను చూస్తున్నాడు.

"చూసావా, ఊహించావా?"

"సూసినాను."

వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

వాడు బండి దగ్గర ఆగి, కార్బురేటర్ ఊడదీసి పైకి తెచ్చాడు. కోప్పడినా బాగుండు అనిపించింది. పేపరు పరిచి, అంతా మళ్ళీ విప్పి, ఆఖరి జెట్ తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. కన్నంలోంచి వెలుతురు రావాల్సిన చోట రావడం లేదు. వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి, తొందరపడకుండా, తిప్పుతూ తోశాడు. గోరులో పావు వంతు లేని ఈనె ముక్క పేపరు మీద పడింది. దాన్ని వేలితో తీసి నా అరచేతిలో పెట్టాడు.

"అమ్మా, తప్పు చేస్తే నెవర్ మైండ్. దాచొద్దు. దాస్తే నేను రాంగ్ ప్లేస్‌లో వెతుకుతా" అన్నాడు. అని, నా చెయ్యి మూసి, లేచి, పాక్చిక్ ఎక్కడున్నారో చూడ్డానికి వెళ్ళాడు.

పాక్చిక్ నమాజు నుంచి వచ్చి, బ్లాకు కింద బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాడు ఆయన ముందు రెండు చేతులూ కట్టుకుని నిలబడి క్షమాపణ చెప్పాడు. నేనూ వెనకే వెళ్ళి, నాకొచ్చిన మలయ్‌లో తప్పు నాదని చెప్పాను. ఆయన ఇద్దరినీ చూసి, నా పంపూ నాలాగే ముసలిది, మెల్లగా పనిచేస్తుంది గానీ అబద్ధం ఆడదు అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, కాక్ మాత్రం దేవుడి గంటలే తోముకోవాలి అన్నారు. అప్పుడు మా వాడు నవ్వాడు. పొద్దు వాలకముందే ఇంజను గలగలా మోగింది. పై అంతస్తు చైనా ఆవిడ కిటికీలోంచి తల పెట్టి తిట్టింది. ఆ తిట్లు నాకు మంత్రాల్లా వినిపించాయి.

ఆ తర్వాత వాడికి ఆ బండి రెండేళ్ళకు పైనే దక్కింది. ఇప్పుడు తాళం మళ్ళీ పాక్చిక్ దగ్గరే ఉంది. కాగితం సంగతి ఏం చేయాలో మేమిద్దరం ఇంకా అనుకోలేదు. ఆ ముచ్చట వస్తే ఆయన తాళం జేబులో వేసుకుంటారు, నేను టీ పెట్టడానికి లేస్తాను.

ఆ శనివారం ముగ్గురం ఇన్‌స్పెక్షన్‌కు వెళ్ళాం. లోపలికి డ్రైవరు ఒక్కడే వెళ్ళాలన్నారు. నేను, పాక్చిక్ కంచె పక్కన నిలబడ్డాం. బండ్లు ఒక వైపు నుంచి లోపలికి వెళ్ళి, ఇంకో వైపు నుంచి బయటికి వస్తాయి. మా వెనక వచ్చిన బండ్లు కూడా బయటికి వచ్చేశాయి, మాది రాలేదు. ఇంజను మోత ఒకసారి పెరిగింది, ఆగిపోయింది. చాలాసేపు ఏమీ వినపడలేదు. పాక్చిక్ పెదవులు కదులుతున్నాయి. నేను నా దేవుళ్ళను తలుచుకున్నాను. ఆ గుడారం లాంటి షెడ్డులో మా ఇద్దరి దేవుళ్ళకూ ఒకటే పని పడింది.

అప్పుడు పొడుగాటి ముక్కు ఎండలోకి వచ్చింది. మెల్లగా వచ్చి సరిగ్గా మా ముందు ఆగింది. పాక్చిక్ ముందుకెళ్ళి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయారు. మా వాడు నెగ్గిన కాగితం కూడా చూపించలేదు. సీటు మీదుగా పూర్తిగా ఒరిగి, గోళ్ళ సందుల్లో ఇంకా నలుపున్న చెయ్యి చాపి, నా వైపు తలుపు లోపలి నుంచి తెరిచి, మూసుకుపోకుండా అలా పట్టుకుని, నేను ఎక్కడం కోసం చూస్తున్నాడు.